దొరా అనడం మానిన నోటికి ‘మై లార్డ్’ ఎందుకు?

ఈమధ్య మా చేతికొక ఆహ్వానపత్రిక వచ్చింది. గోదావరి డెల్టాలో ఓ పల్లె. మాలపేటలో కొత్తగా కట్టుకున్న గుడి ప్రతిష్ఠ. ఊరి పేరు చెప్పం, ఇది ఒక్క ఊరి సంగతి కాదు కాబట్టి. దళసరి కాగితం, బంగారు రంగు అంచు, పైన మరియమాత బొమ్మ. బొమ్మ కింద పీఠాధిపతి గారి పేరు. పేరు ఒక్క ముక్కే. దాని ముందు మాత్రం రెండు లైన్ల నిండా బిరుదులు. ‘మహా ఘనత వహించిన’ అట, ‘మహా పూజ్య’ అట, మూడు శ్రీలట. ఆ తర్వాత ముఖ్య అతిథులు, వాళ్ళ బిరుదులు. ఆ తర్వాత విచారణ గురువులు, ఆయన బిరుదు. అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘ఇట్లు, సంఘస్థులు’.

ఆ సంఘస్థులెవరు? ఉన్న నాలుగు సెంట్లలో రెండు సెంట్లు గుడికి రాసిచ్చిన ఒంటరి ఆడమనిషి ఉంది. నాట్ల రోజుల్లో వారానికో పూట కూలి పక్కన పెట్టిన ఆడకూలీలున్నారు. కువైట్ వెళ్ళి ఇళ్ళల్లో పాచిపని చేసి సిమెంటుకీ ఇటుకకీ డబ్బులు పంపిన అమ్మాయిలున్నారు. జీతం ఇంత అని బయటికి చెప్పుకోలేనంత డబ్బుకి ముప్పయ్యేళ్ళు జపాలు చెప్పించిన ఉపదేశి ఉన్నాడు. వీళ్ళలో ఒక్కరి పేరూ కార్డు మీద లేదు. మాతో కూర్చున్న ఓ ముసలాయన కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నీ బాగానే ఉన్నాయండి గానీ, గుడి కట్టినోళ్ళు ఇందులో ఎక్కడున్నారండీ?” అన్నాడు.

ఈ వ్యాసం ఆయన ప్రశ్నకి మా చేతనైన జవాబు.

ముందే ఒక మాట. ఏ ఒక్క పీఠాధిపతి మీదా కక్షతో మేం రాయడం లేదు. వాళ్ళలో మంచివాళ్ళున్నారు, పేదల కోసం పాటుపడ్డవాళ్ళున్నారు, మన పేటల్లోంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. మేం మాట్లాడుతున్నది మనుషుల గురించి కాదు, మనుషుల ముందు తగిలించే మాటల గురించి. ఆ మాటలు ఎక్కడ పుట్టాయి, ఎవరి నోట్లోంచి ఎవరి నోట్లోకి వచ్చాయి, వాటి బరువు మోస్తున్నది ఎవరి నడుం, ఇదీ మా ప్రశ్న. ‘నోటిమాటే కదా, దీనికింత రాద్ధాంతమా?’ అనేవాళ్ళుంటారు. అలా అనగలిగేవాళ్ళు నోటిమాట దెబ్బ ఎన్నడూ తగలని కులాల్లో పుట్టి ఉంటారు.

అండీ అటువైపు, ఒరే ఇటువైపు

మన గోదావరి జిల్లాల మాట మర్యాదకి పెట్టింది పేరు. ‘ఆయ్’ అంటాం, ‘అలాగేనండి’ అంటాం. సినిమాలవాళ్ళు ఈ యాసని ముద్దుగా చూపించి డబ్బు చేసుకున్నారు. కానీ ఈ ‘అండి’ ఏ దారిన నడిచిందో ఒక్కసారి చూడండి. పేటలోంచి ఊళ్ళోకి ‘అండి’ వెళ్ళేది. ఊళ్ళోంచి పేటలోకి ‘ఒరే’ వచ్చేది. అరవయ్యేళ్ళ పాలేరు కామందు గారి పదేళ్ళ కొడుకుని ‘చిన్నదొరగారు’ అన్నాడు. ఆ పదేళ్ళ పిల్లోడు ఆయన పేరుకి ‘గాడు’ తగిలించి కేకేశాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలు తవ్వింది ఎక్కువగా మన తాతల చేతులే. నీళ్ళొచ్చాయి, పంటలొచ్చాయి, ఊళ్ళు మేడలయ్యాయి. కాలవ శివారు చేనుకి నీరందనట్టే, ‘గారు’ అనే రెండక్షరాలు మాత్రం మన పేర్ల దాకా అందలేదు.

అలాంటి రోజుల్లో ఈ నేలకి సువార్త వచ్చింది. 1836లో నరసాపురం వైపు బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు వచ్చి గోదావరి డెల్టా మిషన్‌కి పునాది వేశారు. 1845లో రాజమండ్రిలో లూథరన్ల పని మొదలైంది. ఫ్రెంచివాళ్ళ యానాంలో కథోలిక గుడి లేచింది. ఎన్నో ఏళ్ళ తర్వాత, 1976లో, విజయవాడ నుంచి విడదీసి ఏలూరు పీఠం ఏర్పాటు చేశారు. మన పెద్దలు ఎందుకు అటు నడిచారంటే పండితులు రకరకాల కారణాలు చెబుతారు. బియ్యం కోసమన్నారు, బడి కోసమన్నారు, దొరల అండ కోసమన్నారు. ఒక కారణం మాత్రం పండితులకి తోచదు. జ్ఞానస్నానం నాడు పెట్టే పేరు. చిట్టిగాడు ఆ రోజు నుంచి పౌలయ్య అయ్యాడు. పోలి మరియమ్మ అయింది. జన్మలో మొదటిసారి ఒక మనిషి, అదీ చదువుకున్న మనిషి, పుస్తకంలో ఆ పేరు రాసి, చివర ‘అయ్య’ అనీ ‘అమ్మ’ అనీ పిలిచాడు. పేరు చివర ‘గాడు’ వదిలించుకోడానికే సగం పేట ఆ గుడిమెట్లెక్కిందంటే అబద్ధం కాదు.

మరి పేరు చివర ‘గాడు’ వదిలించుకున్న జనం, పేరు ముందు ‘దొర’ తగిలించుకున్న మనిషి ముందు మళ్ళీ నడుం వంచాలా? ఇదీ మా బాధ.

ఈ బిరుదులు ఎక్కడివి?

బిరుదులు ఇంగ్లీషులో ఉంటే గొప్పగా వినిపిస్తాయి. తెలుగు చేసి చూడండి. లార్డ్ అంటే దొర. ‘మై లార్డ్’ అంటే ‘నా దొరా’. ‘యువర్ లార్డ్‌షిప్’ అంటే ‘తమరి దొరతనం’. ‘యువర్ గ్రేస్’ అని అగ్రపీఠాధిపతుల్ని పిలుస్తారు. ఇంగ్లండులో డ్యూకుల్ని పిలిచే పిలుపు కూడా అదే. ‘ఎక్సలెన్సీ’ గవర్నర్లకీ రాయబారులకీ చెల్లే మాట. కార్డినల్ గారిని పిలిచే ‘ఎమినెన్స్’ అన్న మాటకి అసలు అర్థం ఎత్తు, ఉన్నతం. ఒకరు ఎత్తు మీదుంటే మిగతావాళ్ళు ఎక్కడుంటారో పేటలో పిల్లోడిని అడిగినా చెబుతాడు.

రాజమండ్రి కుసుమ ధర్మన్న కవి మన డెల్టా దళిత ఉద్యమానికి పెద్దదిక్కు. గరిమెళ్ళ ‘మాకొద్దీ తెల్లదొరతనం’ అని పాడితే, ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ అని బదులు పాడాడు. తెల్లదొర పోయి నల్లదొర వస్తే మా మెడమీది కాడి దిగుతుందా అని వందేళ్ళ కిందటే అడిగినవాడు. ఆయన పుట్టిన నేల మీద, ఆయన జనం నోటితో, తెల్లదొర వదిలేసి పోయిన ‘లార్డ్‌షిప్’ అన్న మాటని నల్ల మనిషి ముందు ఇంకా పలికిస్తున్నాం. తెల్లదీ నల్లదీ అని కాదయ్యా, అసలు దొరతనమే మాకొద్దు.

ఈ బిరుదులు వేదవాక్కులా, మారకూడనివా? కాదు. అన్నిటికీ పుట్టిన తేదీలున్నాయి. కార్డినళ్ళని ‘ఎమినెన్స్’ అనాలని 1630లో ఎనిమిదో అర్బన్ పోపు నిర్ణయించాడు. అంటే క్రీస్తు తర్వాత పదహారు వందల ఏళ్ళు సంఘం ఆ మాట లేకుండానే బతికింది. బిషప్పులకి ‘ఎక్సలెన్సీ’ అనే గౌరవం ఇస్తూ రోమ్ ఉత్తర్వు ఇచ్చింది 1930 డిసెంబరు 31న. ఆ ఏడాదే మార్చిలో నాసిక్‌లో అంబేడ్కర్ నాయకత్వాన మనోళ్ళు కాలారామ్ గుడి తలుపు దగ్గర సత్యాగ్రహానికి నిలబడ్డారు. ఆ డిసెంబరుకి ఆయన లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో అంటరానివాళ్ళ తరఫున వాదిస్తున్నాడు. ఒకే ఏడాదిలో ఒకచోట మనిషిగా చూడండి చాలని అడుగుతున్నారు, ఇంకోచోట మనిషి కన్నా పైమెట్టు పంచుతున్నారు.

తెలుగు మాటల సంగతీ ఇంతే. ‘పీఠాధిపతి’ అన్న మాట ఎక్కడిది? మఠాలది. శంకరాచార్యుల పీఠాలది. శ్రీశ్రీశ్రీ ఎక్కడిది? అదీ అక్కడిదే. మనల్ని గడప తొక్కనివ్వని మఠాల గుమ్మం మీద రాసిన మాటల్నే ఊడబెరికి తెచ్చి మన గుడి గుమ్మం మీద అతికించుకున్నాం. మతం మారాం గానీ నిఘంటువు మారలేదు.

ఇక యేసు ఏమన్నాడో చెప్పాల్సిన పని మాకు లేదు, గురువులకి మాకంటే బాగా తెలుసు. మత్తయి సువార్త 23వ అధ్యాయం తీసి చూడమనండి. విందుల్లో ముందు కుర్చీలు, బజార్లో దండాలు, బోధకుడా అనే పిలుపులు కోరుకునేవాళ్ళ గురించి ఆయన ఎంత కటువుగా మాట్లాడాడో, అలాంటి పిలుపులు మీకొద్దని శిష్యులకి ఎంత సూటిగా చెప్పాడో అక్కడుంది. పవిత్ర గురువారం నాడు పీఠాధిపతి గారు వంగి పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. కళ్ళు చెమర్చే దృశ్యం, కాదనం. మర్నాటికి ఆ కాళ్ళవాళ్ళే వంగి ఆయన ఉంగరం ముద్దుపెట్టుకుంటారు. కడిగింది ఒక్కరోజు, వంగింది ఏడాదంతా.

రోమ్‌లోనే ఈ సిగ్గు ఎరిగినవాళ్ళు లేకపోలేదు. రెండో వాటికన్ మహాసభ ముగియబోతుండగా, 1965 నవంబరు 16న, నలభై మంది దాకా బిషప్పులు రోమ్‌లో దొమితిల్లా భూగర్భ సమాధుల్లో పూజ చేసి ఒక ఒడంబడిక రాసుకున్నారు. పేదల్లా బతుకుతామని, బంగారం వెండి గుర్తులు పెట్టుకోమని, ఎమినెన్స్, ఎక్సలెన్సీ, మోన్సిన్యోర్ లాంటి పెద్దరికపు బిరుదులతో పిలిపించుకోమని, ‘ఫాదర్’ అంటే చాలని అందులో ఉంది. 1969లో వాటికన్ కొన్ని అలంకారాలు తగ్గించింది గానీ ఎమినెన్స్, ఎక్సలెన్సీ పిలుపుల్ని ఉండనిచ్చింది. 2013లో ఎన్నికైన ఫ్రాన్సిస్ పోపు మొదటి రాత్రే తనని రోమ్ బిషప్‌గా చెప్పుకున్నాడు. 2014 జనవరిలో మోన్సిన్యోర్ బిరుదుని 65 ఏళ్ళు దాటిన పీఠ గురువులకి మాత్రమే పరిమితం చేశాడు. పదవి మీద ఆశతో ఎగబాకే గుణం గురువుల్ని చెడగొడుతోందని ఆయన బాధ. రోమ్‌లో బిరుదులు దిగుతుంటే, మన జిల్లాల ఫ్లెక్సీల మీద ఎందుకు ఎక్కుతున్నాయి?

17 పక్కనే 18

రాజ్యాంగం పుస్తకం తెరవండి. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇది మనందరికీ కంఠతా వచ్చు. దాని పక్కనే 18 ఉంది. అది బిరుదుల్ని రద్దు చేసింది. సైన్యంలో హోదాలు, చదువుతో వచ్చే పట్టాలు తప్ప రాజ్యం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదంది. ఈ రెండూ పక్కపక్కన ఉండటంలో అర్థం ఉంది. కింద ఒకణ్ణి అంటరానివాణ్ణి చేయడం, పైన ఒకణ్ణి రాయబహద్దూర్ని చేయడం, ఇవి ఒకే కర్రకి రెండు కొనలు. ఒక కొన విరిచి రెండో కొన ఉంచితే కర్ర కర్రగానే ఉంటుంది. పద్మ అవార్డుల కేసులో 1995లో సుప్రీంకోర్టు కూడా అవార్డు తీసుకోండి గానీ దాన్ని పేరుకి ముందూ వెనకా తగిలించుకోకండని చెప్పింది.

18వ అధికరణం రాజ్యానికే గానీ సంఘానికి వర్తించదు కదా అంటారు. నిజమే. మేం కోర్టుకి వెళ్ళడం లేదు, సిగ్గుకి విజ్ఞప్తి చేస్తున్నాం. దొరతనానికి పుట్టిల్లయిన కోర్టుల్లోనే మార్పు మొదలైంది. ‘మై లార్డ్’, ‘యువర్ లార్డ్‌షిప్’ అనక్కర్లేదని 2006లో బార్ కౌన్సిల్ తీర్మానించింది. అలా పిలవాలన్న నిర్బంధమేమీ లేదు, మర్యాదగా సంబోధిస్తే చాలని 2014లో సుప్రీంకోర్టు జడ్జీలే చెప్పారు. దేశంలో అందరికన్నా పెద్ద కుర్చీ రాష్ట్రపతిది. 2012లో ప్రణబ్ ముఖర్జీ, దేశంలోపల తనని ‘హిజ్ ఎక్సలెన్సీ’ అనొద్దన్నారు. రాష్ట్రపతి భవన్ వదులుకున్న మాటని పూరిపాకల మధ్య గుడి ఎందుకు పట్టుకు వేలాడాలి?

ఇక్కడ మమ్మల్ని నిలదీసే తమ్ముళ్ళుంటారు. ‘మరి మీరు అంబేడ్కర్ని బాబాసాహెబ్ అనరా?’ అంటాం. గర్వంగా అంటాం. ఆ మాట ఏ కార్యాలయం ఇచ్చింది కాదు. ఏ ఉత్తర్వులోనూ లేదు. అనకపోతే ఎవరూ కోప్పడరు. తండ్రి లేని జనం తమంత తాము కడుపులోంచి పిలుచుకున్న పిలుపది. ‘డాక్టర్’ అన్నది ఆయన ఆకలి కడుపుతో చదివి తెచ్చుకున్నది. ప్రేమతో కింద నుంచి పుట్టే పిలుపు వేరు, కుర్చీతో పాటు సరఫరా అయ్యే బిరుదు వేరు. మొదటిది మనిషితోనే ఉంటుంది. రెండోది కుర్చీ ఎక్కితే వస్తుంది.

మనవాళ్ళు కుర్చీ ఎక్కాక

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. ఇది దాటేసి రాస్తే మా రాత అబద్ధమవుతుంది.

2000 సంవత్సరంలో మారంపూడి జోజి గారు హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయ్యారు. భారత కథోలిక సంఘంలో ఆ స్థానానికెళ్ళిన మొదటి దళితుడు. 2022 ఆగస్టు 27న, కర్నూలు జిల్లా బిడ్డ పూల ఆంథోని గారిని ఫ్రాన్సిస్ పోపు కార్డినల్ చేశారు. మొదటి దళిత కార్డినల్, మొదటి తెలుగు కార్డినల్. 2025 మేలో పదునాలుగో లియో పోపుని ఎన్నుకున్న సభలో ఆయనకీ ఒక ఓటు ఉంది. ఆయన కార్డినల్ అయినరోజు మన పేటల్లో స్వీట్లు పంచుకున్నారు. మేమూ పంచుకున్నాం. దాచుకోవడం ఎందుకు?

కాబట్టి మనోళ్ళు కొందరు అడుగుతారు, న్యాయంగానే అడుగుతారు: ‘ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో రెడ్లో కమ్మలో బయటి రాష్ట్రాల పెద్దకులాలోళ్ళో కూర్చుంటే ఎక్సలెన్సీ, లార్డ్‌షిప్ అని నోరారా పిలిచారు. ఇవాళ మాలోడో మాదిగోడో కూర్చోగానే బిరుదులు చెడ్డవయ్యాయా? మన పిల్లోణ్ణి పెద్దకులపోళ్ళు వంగి దండం పెడితే చూడాలని లేదా? మనకి కోటు అందేసరికి కోటు వేసుకోవడం నామోషీ అంటున్నారా?’

ఈ మాటలో ఉన్న నొప్పి మాకు తెలుసు. ఇందులో కొంత నిజం కూడా ఉంది. పెద్దకులం పీఠాధిపతిని వదిలి దళిత పీఠాధిపతి బిరుదు మాత్రమే పీకేయాలనేవాణ్ణి మేమూ నమ్మం. ముందు వాళ్ళు దిగాలి, తర్వాత మనవాళ్ళని అడగాలి. కాదు, అందరినీ ఒకేరోజు అడగాలి. కానీ ఒక్కటి ఆలోచించండి. పెద్దకులపోడు వంగినప్పుడు దేనికి వంగాడు? మన మనిషికా, ఉంగరానికా? ఉంగరానికే అయితే, కుర్చీ దిగిన మర్నాడు మన మనిషి మళ్ళీ పాత మనిషే. ఎక్సలెన్సీ అన్న మాట కులాన్ని కడిగేయలేదు, పైన గుడ్డ కప్పిందంతే.

దీనికి సాక్ష్యం కడప. అప్పట్లో అక్కడి పీఠాధిపతిగా ఉన్న గల్లెల ప్రసాద్ గారు దళితుడు. 2016 ఏప్రిల్లో ఆయన పూజ ముగించుకుని వస్తుంటే దారికాచి కారు ఆపి, కళ్ళకి గంతలు కట్టి, ఎత్తుకుపోయి కొట్టి వదిలారు. పోలీసులు అరెస్టు చేసినవాళ్ళలో గురువులూ ఉన్నారు. దీని వెనక కులం ఉందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఎదురుపడితే ‘యువర్ ఎక్సలెన్సీ’ అనాల్సిన మనిషి. ఆ బిరుదు ఆయన వంటిమీద ఒక్క దెబ్బనైనా ఆపిందా? బిరుదు దండం పెట్టించగలదు గానీ మనిషిగా చూడమని చెప్పలేదు. మనకి కావాల్సింది రెండోది.

సంఘం లెక్క సంఘమే చెప్పింది. 2016 డిసెంబరులో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారత మీద ఒక విధాన పత్రం విడుదల చేసింది. దేశంలో 1 కోటి 90 లక్షల కథోలికుల్లో 1 కోటి 20 లక్షల మంది దళితులే అని అందులో ఒప్పుకుంది. సంఘంలో అంటరానితనం, వివక్ష ఉన్నాయనీ ఒప్పుకుంది. 1982లోనే తిరుచిరాపల్లి సమావేశంలో కులానికి క్రైస్తవంలో చోటు లేదని బిషప్పులు ప్రకటించారు. నలభై ఏళ్ళు దాటింది. మాట మంచిది. కానీ నిచ్చెన తప్పు అని నిచ్చెన పైమెట్టు మీద నిలబడి చెబితే కింద ఉన్నవాడికి ఎలా వినిపిస్తుంది?

పేరు ఖరీదు కోనసీమకి తెలుసు

పేరులో ఏముందనేవాళ్ళని అమలాపురం తీసుకెళ్ళండి. 2022 ఏప్రిల్లో కోనసీమ కొత్త జిల్లా అయింది. మేలో దానికి అంబేడ్కర్ పేరు పెడతామనగానే ఏమైంది? మే 24న మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు, బస్సులు తగలబెట్టారు. ఒక్క పేరు ముందు రావడానికి అంత మంట. ఆ తర్వాత అదే ఏడాది జిల్లాకి ఆ పేరు ఖాయమైంది. కాబట్టి పేరు ముందు ఏ మాట నిలబడుతుందన్నది ఈ నేల మీద చిన్న విషయం కాదు.

బిరుదు మన మెడకే చుట్టుకున్న కథ కూడా ఒకటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్ళు ఎస్సీలు కారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవుడికి మిగిలింది బీసీ-సీలో ఒక్క శాతం. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తనని తిట్టి కొట్టారని కేసు పెట్టిన ఒక పాస్టరు విషయంలో, క్రైస్తవం తీసుకుని పాస్టరుగా పనిచేస్తున్నాడు గనక అతను ఎస్సీ కాడు, అట్రాసిటీ చట్టం అతనికి వర్తించదు అని తీర్పిచ్చింది. చూశారా? ఊరు అతన్ని తిట్టేటప్పుడు పాస్టరని చూడలేదు, కులమే చూసింది. కోర్టు రక్షణ తీసేసేటప్పుడు కులం చూడలేదు, పాస్టరనే చూసింది. చిన్న పాస్టరుకి ఆ పిలుపు వల్ల ఉన్న చట్టం పోయింది. పెద్ద బిషప్పుకి ఆ పిలుపు వల్ల ముందు సీటొచ్చింది. ఒకే సంఘం, ఒకే సువార్త, బిరుదు మాత్రం ఒకరికి కత్తి, ఒకరికి గొడుగు.

బిరుదులు తీసేస్తే చాలు కులం పోతుందని మేం అనడం లేదు. మన డెల్టాలోనే బ్రదరన్ సంఘాలున్నాయి. వాళ్ళలో మొదటి నుంచీ ఫాదర్ లేడు, బిషప్ లేడు, అందరూ సహోదరులే. మంచి సంప్రదాయం. కానీ ‘బ్రదర్’ కూడా మెల్లగా ‘బ్రదర్ గారు’ అయి, వేదిక మీద ఒక కుర్చీ అయి కూర్చుంది. ఇక ఈ మధ్య కొత్త సంఘాల సంగతి చెప్పనక్కర్లేదు. కొవ్వూరు నుంచి అంతర్వేది దాకా రోడ్డు పక్కన ఫ్లెక్సీలు చూడండి: ‘అపొస్తలుడు, బిషప్, డాక్టర్’, మూడూ ఒకే మనిషికి. ఇచ్చినవాడెవడో అడక్కండి, అచ్చువేసినవాడికే తెలుసు. మన ఉద్యమంలోనూ ‘దళిత రత్న’లు, ‘దళిత సింహాలు’ తక్కువేం లేరు. వేలు ఏలూరు వైపు చూపిస్తే మూడు వేళ్ళు మా వైపే ఉన్నాయని మాకు తెలుసు. అందుకే ఈ మాట ముందు మాకు మేం చెప్పుకుంటున్నాం.

సిస్టర్లని చూడండి. ఒక మఠకన్య నలభై ఏళ్ళు ఆసుపత్రిలో పుళ్ళు కడిగినా, బళ్ళో వేలమందికి అక్షరాలు దిద్దించినా, మొదటిరోజు ‘సిస్టర్’, చివరిరోజూ ‘సిస్టర్’. ఆ ఒక్క మాటతో ఆవిడ గౌరవం ఏమైనా తగ్గిందా? తగ్గకపోగా పేట ఆడాళ్ళు కష్టం చెప్పుకోడానికి మొదట వెళ్ళేది ఆవిడ దగ్గరికే. ఎక్కాల్సిన మెట్లు తక్కువ కాబట్టి.

మేం అడిగేది

మేం మర్యాద తీసేయమనడం లేదు. మర్యాద కోసం మనంత మొహం వాచినవాళ్ళు ఈ దేశంలో ఎవరూ లేరు. దొరలకే చెల్లిన మర్యాదని అందరికీ పంచమంటున్నాం. ‘గారు’ అన్న మాట పీఠాధిపతికీ సరిపోతుంది, గుడి ఊడ్చే అవ్వకీ సరిపోతుంది. మన భాషలో ఇంతకన్నా మంచి బిరుదు లేదు.

అయ్యా పీఠాధిపతి గార్లూ, మీ ముందు ఈ నాలుగు ముక్కలు పెడుతున్నాం. కార్డుల మీద, ఉత్తరాల మీద, శిలాఫలకాల మీద మీ పేరు, చివర ‘గారు’, కింద ‘బిషప్’ అని మీరు చేసే పని, ఇంతే రాయించండి. ఇంకేమైనా రాస్తే అచ్చువేయొద్దని మీరే ఒక ఉత్తరువు పంపండి. ఉత్తరువులివ్వడం మీకు కొత్త కాదు కదా. ఉంగరం కోసం వంగేవాళ్ళని ఆపి, నిలబెట్టి, చెయ్యి కలపండి. ఒక్క ఆదివారం చేస్తే చాలు, రెండో ఆదివారానికి జనమే నేర్చుకుంటారు. ఉపదేశిని గారూ అని పిలవండి, ఆయన జీతం ఎంతో గుడి బోర్డు మీద రాయండి. ఆ అంకె చూసి సిగ్గుపడితే అంకె మార్చండి. 2016 విధాన పత్రాన్ని ప్రతి గుడిలో తెలుగులో చదివి వినిపించండి, మన విచారణలో ఇందులో ఎంత జరిగిందని జనాన్నే అడగండి.

మన పేటల వాళ్ళకి ఒక్కటే మాట. అన్నలారా, అక్కలారా, బిరుదులు వాళ్ళు మానేదాకా మనం ఆగక్కర్లేదు. పిలిచే నోరు మనది. ‘బిషప్ గారూ, బాగున్నారాండీ?’ అని నిటారుగా నిలబడి అడగండి. అందులో లోటేమీ లేదు. కోపం వచ్చిన బిషప్ గారుంటే ఆయనకి మత్తయి సువార్త 23వ అధ్యాయం గుర్తుచేయండి. సంతోషించిన బిషప్ గారుంటే ఆయన మన మనిషి, ఏ కులంలో పుట్టినా సరే.

ఆ కార్డు ఇంకా మా బల్ల మీదే ఉంది. ఈసారి గుడి కట్టుకునే పేట ఏదైనా ఉంటే కార్డు తిరగేసి అచ్చువేయించండి. పైన స్థలం ఇచ్చినావిడ పేరు, కూలి కూడబెట్టినోళ్ళ పేర్లు, తాపీమేస్త్రి పేరు, ఉపదేశి పేరు, అన్నిటికీ చివర ‘గారు’. కింద, వచ్చి ప్రతిష్ఠ చేసే బిషప్ గారి పేరు. ఆ ముసలాయన ఆ కార్డులో తన పేరు వెతుక్కుని వేలు పెట్టి చూపించాలి. అచ్చయ్యాక మాకూ ఒకటి పంపండి, ఈ పేజీలోనే వేస్తాం.